మడతల శెట్టి

మొన్న మోకాలి నొప్పికి కర్నూల్లో ఒక ఆస్పత్రికి పోతే, బయటికొచ్చే దారిలో చిన్న పెట్టె ఒకటి పెట్టి ఉంది. దాని మీద ఐదు మొహాలు. మొదటిది ఏడుస్తోంది, చివరిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. మా సేవలు మీకెలా అనిపించాయో ఒక మొహం నొక్కి చెప్పండి అని పైన రాశారు. నేను నిలబడి ఆలోచిస్తున్నాను. నవ్వే మొహం నొక్కితే నా మోకాలు ఒప్పుకోదు, ఏడ్చే మొహం నొక్కితే నన్ను చూసిన డాక్టరు పిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది. వెనకనుంచి ఒకాయన, "ఏదో ఒకటి నొక్కి జరుగమ్మా, ఆటో నిలబెట్టి వచ్చినా" అన్నాడు. ఏదీ నొక్కకుండానే జరిగాను. ఆటో ఎక్కి కూర్చున్నాక మా బావ గుర్తుకొచ్చాడు.

అట్లాంటి మొహాలే ఒకప్పుడు మా బావ ముందు కూడా పెట్టారు. "ఇందులో మీరెవరు?" అని అడిగారు. ఆయన వంగి, ఒక్కో మొహాన్నీ శ్రద్ధగా చూసి, "వీళ్ళెవరూ నాకు తెలిసినోళ్ళు కాదు" అన్నాడు. అడిగిన అమ్మాయి రాసుకోవడానికి కలం ఎత్తి, ఏం రాయాలో తెలియక మళ్ళీ దించింది.

బావ అంటే మా ఆయన అన్న. మాది మేనరికం, మా అత్త నాకు సొంత మేనత్త. కాబట్టి మా బావను నేను కోడలిగా వచ్చి చూసింది కాదు, పరికిణీ కట్టుకున్న రోజుల నుంచీ ఎరుగుదును. మైదుకూరులో కడప నుంచి కర్నూలు పోయే రోడ్డు మీద మా బట్టల అంగడి. మా మామ పోయినప్పటి నుంచీ గల్లాపెట్టె దగ్గర మా ఆయన కూర్చునేవాడు. పెద్దవాడైన బావ లోపల మూలన, స్తంభం వెనకాల, గోడకేసి తిరిగి కూర్చుని చీరలు మడత పెట్టేవాడు. ఊళ్ళో ఆయన పేరు మడతల శెట్టి. అసలు పేరు పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు.

పసుపు అమ్మిన చేతులతో రైతులు పెళ్ళి బట్టలకు దిగే రోజుల్లో మా అంగడి చూడాలి. పరుపు మీద ఆడవాళ్ళు బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. ఒక చీర కొనడానికి ముప్ఫై చీరలు విప్పించి, చివరికి మొదట చూసిన చీరే పట్టుకుపోతారు. విప్పినవన్నీ మా బావ పక్కన కుప్ప పడతాయి. పనివాళ్ళకు ఆ కుప్పను చూస్తే ఏడుపొస్తుంది. మా బావ మాత్రం కుప్ప పెరిగేకొద్దీ పెదాలు బిగించి, కనుబొమలు ముడివేసి, గొంతులో ఊఁ ఊఁ అని ఒక సన్న రాగం మొదలుపెట్టేవాడు. చీర అంచును రెండు వేళ్ళ మధ్య రుద్దుతూ పోయి పాత మడత దొరకగానే ఆగేవాడు. ఇక ఆ చీర ఆయన చెప్పినట్టు వినేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మొహం చూసి, "ఏమప్పా, శెట్టికి కోపమొచ్చినట్టుండాదే, ఇన్ని ఇప్పించినామనా?" అని నొచ్చుకునేవాళ్ళు. కాదు తల్లీ, ఆయన పండగ చేసుకుంటున్నాడు అని చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

మా బావతో మాట్లాడటం ఊళ్ళో అందరికీ ఒక ఆట. మన దేశంలో బాగున్నావా అంటే బాగున్నా అనాలి, అన్నం తిన్నావా అంటే తిన్నా అనాలి. అవి ప్రశ్నలు కావని ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు.

"శెట్టీ, బాగుండావా?"

"ఏంది బాగుండేది?"

"అదేందప్పా, నువ్వు."

"పన్ను నొస్తాండాది. కడుపు బాగుండాది. చెవుల సంగతి బస్సు వచ్చినంక చెప్తా."

చెవుల సంగతి నిజం. రోడ్డు మీద లారీ హారను కొడితే ఆయనకు దెబ్బ తగిలినట్టే ఉండేది. అందుకే పుట్టి బుద్ధెరిగి ఒంటరిగా ఆ రోడ్డు దాటినవాడు కాదు. ఇంటి నుంచి అంగడికి వెనక సందులోంచి వచ్చి, వెనక సందులోంచే పోయేవాడు. పొద్దున బొరుగులు నానబెట్టి తాలింపేసిన ఉగ్గాని పెడితే బజ్జీలు వేరే తట్టలో పెట్టాలి, ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే తిట్టడు, అరవడు. లేచి చేయి కడుక్కుంటాడు, అంతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్త మొత్తుకునేది గానీ, రెండు తట్టలు పెట్టేది కూడా ఆమే.

ఇక ఆయన నవ్వు గురించి చెప్పాలి. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బాజాలు మోగితే చెవులు మూసుకుని కేకలు పెట్టేవాడట. మా అత్త పక్కనే కూర్చుని తొడ మీద గిల్లి, "నలుగురు చూస్తాండారు నాయనా, నవ్వు" అనేది. పాపం, ఆమె చెడ్డది కాదు. కొడుకును పిచ్చోడంటారని ఆమె భయం. ఆమె గిల్లగా గిల్లగా ఆయనకు నవ్వడం వచ్చేసింది. ఎంత బాగా వచ్చిందంటే, ఎప్పుడు బెదిరిపోయినా చెవి నుంచి చెవిదాకా నవ్వేవాడు. మా పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికొడుకు కంటే ఎక్కువ నవ్వింది మా బావే. బ్యాండు మేళం ఆయన వెనకే నిలబడి ఉంది మరి. నెమ్మదిగా ఉన్నప్పుడు ముటముటలాడే మొహం, గుండె దడదడలాడినప్పుడు పండు నవ్వు. ఇంట్లో నాకొక్కదానికే ఇది తెలుసు. చెబితే మా ఆయన, "నీది శానా విచిత్రం, నవ్వేవాన్ని చూసి భయపడతాండాడంటావు" అనేవాడు.

ఆ రోజుల్లోనే, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎవరో చెబితే మా ఆయన బావను కర్నూలులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నలభై దాటిన మనిషిని ఆ డాక్టరు గంటసేపు చూసి, ఆటిజం అని పేరు పెట్టి పంపాడు. మా అత్త మొదట, "మందుండాదా?" అని అడిగింది. లేదన్నాడు మా ఆయన. "మందు లేకపోతే పేరు యాలప్పా?" అంది. నేను నవ్వాపుకుని, ఇన్నేళ్ళకు నామకరణం జరిగితే మమ్మల్ని పిలవనేలేదే అన్నాను. వినిపించుకున్నవాళ్ళు లేరు, నా మాటలకు ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే విలువ.

ఆ డాక్టరు దగ్గర చదువుకునే ఒక అమ్మాయి తర్వాత బస్సెక్కి మా ఊరు వచ్చింది. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, ముఖం నిండా చెమటతో ఉంది. మంచి పిల్ల. మజ్జిగ ఇస్తే తాగి నాకు వివరంగా చెప్పింది.

"పిల్లల మీద శానా మంది చదివినారక్కా. వీళ్ళే పెద్దయినంక ఎట్ల బతుకుతాండారు, సుఖంగా ఉండారా లేదా అని ఎవురూ అడగలేదు. నేను అది కొలుస్తాండా."

కొలవడం మాకు కొత్త కాదు. మా అంగట్లో మీటరు కడ్డీ ఉంది, మా మామ కాలం నాటి గజం కడ్డీ కూడా ఉంది. సుఖాన్ని ఏ కడ్డీతో కొలుస్తుందో చూద్దామని నేనూ పక్కన కూర్చున్నాను. మొదట ఆ మొహాల కాగితం చూపించి, అది పనికిరాక, ప్రశ్నల కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఆమె మొదలుపెట్టింది. బావ ఒక చీర తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీకు దగ్గరి స్నేహితులు ఉండారా?"

"యాడ?"

"యాడైనా."

"యాడైనా అంటే నాకెట్ల తెలుస్తాది?"

"మీ జీవితంతో మీకు తృప్తిగా ఉండాదా?"

"ఏ పొద్దు?"

"ఒక పొద్దు కాదు, మొత్తంగా."

"మొత్తం ఇంగా కాలేదు గదమ్మా."

ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పండగలకు, పెళ్ళిళ్ళకు పోతారా అంది. పోతానన్నాడు. అక్కడ ఎట్లుంటారు అంది. నవ్వుతా ఉంటానన్నాడు. అది మాత్రం ఆమెకు రాసుకోవడానికి సులువుగా దొరికింది. చివరికి కాగితాలు పక్కన పెట్టి మామూలుగా అడిగింది.

"ఎట్లుంటే మీకు బాగుంటాది?"

"అడక్కుండా ఉంటే."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకోకుండా కూర్చునే ఉంది. కాసేపటికి మా బావ తనంతట తానే, ఒళ్ళో చీరను చూస్తూ చెప్పాడు. "తెరిచింది మూస్తే నెమ్మదిగా ఉంటాది."

"నెమ్మది అంటే సంతోషమా?"

"కాదు."

ఆమె కాగితాలు అటూ ఇటూ తిప్పింది. సంతోషం ఉంది, ఆనందం ఉంది, తృప్తి ఉంది, ఉత్సాహం ఉంది. నెమ్మదికి మాత్రం గడి లేదు. అంచున ఎక్కడో చిన్నగా రాసుకుంది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చినప్పుడు నాకు బుద్ధి ఊరుకోక అవే ప్రశ్నలు ఆయన్ను అడిగాను. మనసు విప్పి మాట్లాడే స్నేహితులు ఉన్నారా అంటే, "నేను మాట్లాడతా కూచుంటే అంగడి ఎవురు చూస్తారు?" అన్నాడు. వినోదానికి బయటికి పోతున్నావా అంటే, పోయిన శివరాత్రికి మఠం పోయినాం గదా అన్నాడు. పోయిన శివరాత్రి కాదు, అది అంతకు ముందుది. జీవితంతో తృప్తిగా ఉందా అంటే, "మజ్జిగ పొయ్యి" అన్నాడు. ఆ లెక్కన ఆటిజం ఉన్న అన్న కంటే ఏమీ లేని తమ్ముడే అధ్వాన్నంగా ఉన్నాడు. ఆ సంగతి చెబితే, "నన్ను కొలవమని నీకెవురు చెప్పినారు?" అని లేచి పోయాడు.

ఆ పిల్ల పోతూ పోతూ ఒక మాట చెప్పింది. బావను మూలన కూర్చోబెట్టకండి, జనంలో కలవనివ్వండి, ఇంట్లో, అంగట్లో ఆయనకొక స్థానం ఇవ్వండి అని. డాక్టరు కూడా అదే అన్నాడట. అది కాగితం మీద చదివితే ఎంత మంచి మాట. నేనైనా తప్పు పట్టలేను.

అది చాలదన్నట్టు ఆ నెలలోనే ప్రొద్దుటూరులో మా వాళ్ళ పెళ్ళొకటి వచ్చింది. అక్కడ ఆకు ముందు కూర్చుని ఒక పెద్దమనిషి మా ఆయనతో నలుగురూ వినేలా, "తోడబుట్టిన అన్నను జీతగాని మాదిరి మూలన పెట్టి మడతలు పెట్టిస్తాండావంట. మీ నాయన కూచున్న చోటు పెద్దోనిది గాదా?" అన్నాడు. మాలో గల్లాపెట్టె దగ్గరి చోటు అంటే చిన్న విషయం కాదు. తండ్రి తర్వాత పెద్దకొడుకు కూర్చోవాలి, అది ఇంటికి గౌరవం. మడత పెట్టడం గుమాస్తా పని. మా ఆయనకు తల తీసేసినట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకేసి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకు అన్నంటే ప్రాణం, అది నాకు తెలుసు. వచ్చిన చిక్కంతా ఆ ప్రేమతోనే.

దీపావళికి అంగట్లో లక్ష్మీపూజ చేసి, మా బావకు పట్టు పంచె కట్టించి, గల్లా దగ్గర మా మామ కూర్చున్న చోట కూర్చోబెట్టారు. వీధి వైపు మొహం. ఎదురుగా రోడ్డు, హారన్లు, ఇంకా కాలుతున్న టపాకాయలు. మా బావ నవ్వాడు. అంత పెద్ద నవ్వు మా పెళ్ళిలో కూడా నవ్వలేదు. మా అత్త ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "నా బిడ్డ నవ్వుతాండాడు. వాళ్ళ నాయన చోట్లో కూచున్నాడు. ఇంగ నాకేం గావాల" అని భోరున ఏడ్చింది. ఆ ముసలామె నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన రోజు అది. అట్లాంటి రోజున నేను పోయి ఏం చెప్పను? అయినా ఆ రోజే మా ఆయనకు చెప్పాను.

"ఆ నవ్వు చూసినావా? ఆయన బెదిరిపోయినాడు."

"నీకు ఎడ్డెమంటే తెడ్డెం. అమ్మ మొగం చూడు ఎట్లుండాదో."

అమ్మ మొహం బాగానే ఉంది. కూర్చోబెట్టింది అమ్మను కాదు గదా.

మడతలకు ఒక ఆడమనిషిని పెట్టారు. చెయ్యి తిరిగిందే గానీ పాత మడత వెతికే ఓపిక లేదు, కొత్త గీత వేసి నొక్కేసేది. మా బావ గల్లా దగ్గర నుంచి మెడ తిప్పి ఆ కుప్ప వైపు చూసేవాడు. ఒళ్ళో చేతివేళ్ళు ఉత్తి గాలిని రుద్దేవి. మొదటి వారం ఒక రైతు భార్య ఎర్రచీర పట్టుకుని, "పెద్దశెట్టీ, ఇది ఉతికితే ఎట్లుంటాది?" అంటే, ఉన్నమాట చెప్పాడు: "తెల్లగుంటాది." ఆమె చీర పెట్టేసి పోయింది. మా ఆయన చేతులు జోడించి, "అన్నా, నువ్వేం మాట్లాడొద్దు, నవ్వితే చాలు" అన్నాడు. ఇంకేముంది, పొద్దున తలుపు తీసింది మొదలు నవ్వే.

ఊరంతా ఒకటే మాట, పెద్దశెట్టి శానా మారినాడని. నమస్కారం పెడితే నవ్వుతాడు, పెట్టకపోయినా నవ్వుతాడు. నవ్వు నాలుగు విధాల చేటని సామెత. మిగతా మూడు విధాలు నాకు తెలియవు గానీ, ఒకటి మాత్రం మా గల్లా దగ్గర రోజూ చూస్తుండేదాన్ని. ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు ఒకదానికొకటి తగలకుండానే ఎండిపోయేవి. బొటనవేలి పక్క తోలు కొరుక్కుని నెత్తురు చేసుకున్నాడు. అన్నిటికంటే నాకు దిగులు పుట్టించింది ఆ గొంతులో రాగం ఆగిపోవడం. ఇంట్లో తిరగలి ఆగినట్టు, అది లేనప్పుడే అది ఇన్నేళ్ళూ ఉండేదని తెలిసింది. ఒకరోజు అన్నం దగ్గర, "అమ్మీ, ఇంగ ఎన్నాళ్ళు కూచోవాల?" అని నన్ను అడిగాడు. మీ తమ్మునికి చెప్తాలే బావా అన్నాను. చెప్పాను కూడా. "అలవాటు కావాల గదా, నాకు మాత్రం మొదట్లో కూచోబుద్ధయిందా?" అన్నాడు ఆ తమ్ముడు.

కళ్ళజోడు పిల్ల రెండోసారి వచ్చింది. అంగట్లోకి అడుగుపెట్టగానే గల్లా దగ్గర నవ్వుతున్న బావను చూసి ఆమె మొహం కూడా వెలిగిపోయింది. జనంతో కలుస్తాడా? రోజంతా జనమే. ఇంట్లో స్థానం ఉందా? పెద్ద స్థానం. నవ్వుతాడా? ఆపడు. కాగితాల మీద టిక్కులు గబగబా పడిపోయాయి. నేను ఆమెను లోపలికి పిలిచి మొదటి నుంచీ చెప్పాను, గిల్లడం దగ్గర నుంచి బొటనవేలి దాకా. ఆమె కాగితాల వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి దీంట్లో నవ్వడం అంటే బాగున్నట్టే రాసుండాది కదక్కా."

"రాసినోళ్ళకు మా అత్త గిల్లుడు తెలీదు తల్లీ."

ఆ పిల్లకు అర్థమైంది. అదీ అంచున రాసుకుంది. పాపం, అంచులు ఎంత వెడల్పుంటాయి. తర్వాత ఎప్పుడో ఫోనులో చెప్పింది, అంచున రాసిందంతా వాళ్ళ సారు కొట్టేశాడని.

సంక్రాంతి పోయిన తర్వాత పెళ్ళిళ్ళ కాలం మొదలైంది. ఒక మధ్యాహ్నం మా ఆయన భోజనానికి ఇంటికొచ్చాడు. తిరిగి పోయేసరికి గల్లా దగ్గర బావ లేడు. పనివాళ్ళు లోపల బేరంలో ఉన్నారు, ఎవరూ చూడలేదు. వెనక సందులో లేడు, ఇంట్లో లేడు, బస్టాండులో లేడు. మా అత్త వాకిట్లో కూలబడి, బావి చూడండప్పా, బావి చూడండి అని ఒకటే గోల. లారీల రోడ్డు మీదికి ఆ మనిషి ఎట్లా పోతాడు అని అటువైపు ఎవరూ ఆలోచించలేదు. చివరికి సోడాబండి అతను వచ్చి చెప్పాడు. "మీ పెద్దశెట్టి రెండు చెవులూ మూసుకుని రోడ్డు దాటినాడు. లారీవాడు బ్రేకేసి తిట్టినాడు గూడా. ఎదురంగట్లో కూచోనుండాడు పోండి."

ఎదురంగడి అంటే మా ఎదుటి బట్టల అంగడి. మా మామ కాలం నుంచీ వాళ్ళతో మాకు మాటల్లేవు. పండక్కి వాళ్ళు ఒక దీపం ఎక్కువ పెడితే మేం రెండు పెడతాం. ఆ అంగడి మెట్టు మా ఆయన ఎన్నడూ ఎక్కి ఎరగడు. ఇప్పుడు ఆయన ముందు, నేను వెనక, వీధిలోని అంగళ్ళన్నీ మెడలు చాపి చూస్తుండగా ఎక్కాం.

ఎదురంగడాయన గల్లా దగ్గర నుంచి లేచి, "మేం పిలవలేదప్పా, దేవుని తోడు. వచ్చినాడు, లోపలికి పోయినాడు, కూచున్నాడు. వద్దంటే ఇనలేదు. కాఫీ ఇచ్చినాం" అని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆయన పెదవి చివర చిన్న సంతోషం దాగలేదు. దాగమంటే మాత్రం ఎందుకు దాగుతుంది? ఎదుటి అంగడి పెద్దకొడుకు వచ్చి తన అంగట్లో గుమాస్తా పని చేస్తున్నాడు.

లోపల మూలన గోడకేసి తిరిగి మా బావ కూర్చుని ఉన్నాడు. పక్కన నడుమెత్తు కుప్ప. పట్టు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్నాడు. వెనక నుంచి మొహం కనబడలేదు గానీ, గుమ్మం దగ్గరికే ఆ రాగం వినిపించింది. ఊఁ ఊఁ అని. ఎన్ని నెలలైంది విని. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మా ఆయన ముక్కుపుటాలు అదురుతున్నాయి. పరువంతా రోడ్డున పడ్డ మనిషి. గట్టిగానే పిలిచాడు.

"అన్నా!"

రాగం ఆగిపోయింది. బావ చేతిలో చీర వదలకుండా మెల్లగా ఇటు తిరిగాడు. తమ్ముణ్ణి చూశాడు. చూసి, చెవి నుంచి చెవిదాకా నవ్వాడు.

నేను ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కనిది ఇప్పుడు నేను చెప్పకుండానే ఎక్కిందని మా ఆయన మొహం చూస్తే తెలిసింది. చిన్నప్పటి నుంచీ భుజం మీద చెయ్యేసి తిప్పుకున్న అన్న తనను చూసి బెదిరిపోతున్నాడు. ఎదురంగడాయన, పనివాళ్ళు, పరుపు మీది ఆడవాళ్ళు అందరూ చూస్తున్నారు. మా ఆయన చెప్పులు విడిచి, పరుపు మీదికి పోయి, బేరానికి వచ్చినవాళ్ళ మాదిరి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మడత పెట్టుకో అన్నా. అయినంక పోదాం."

"ఆ కుప్పంతానా?"

"ఆ కుప్పంతా."

బావ గోడకేసి తిరిగాడు. ఎదురంగడాయన ఏమనుకున్నాడో ఏమో, మా ఆయనకూ కాఫీ తెప్పించాడు. మా ఆయన తాగాడు. రోడ్డవతల మా అంగట్లో బేరాలు పోతున్నా లేవలేదు. అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు ఆ గుమ్మం ముందు నుంచి పోయి చూసి వచ్చారు. కుప్ప అయిపోయేసరికి ఎండ దిగిపోయింది. తమ్ముడు అన్న చెవులకు తన తువ్వాలు చుట్టి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. ఎదురంగడాయన వెనకనుంచి, "చిన్నశెట్టీ, పెండ్లిండ్లప్పుడు వారానికొక పొద్దు పంపించరాదా" అన్నాడు. ఎగతాళికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున మా బావ తన మూలన కూర్చున్నాడు. మా ఆయన గల్లా దగ్గర కూర్చున్నాడు. మా అత్తతో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె అంగడికొచ్చి, నవ్వకుండా, ముటముటలాడే మొహంతో రాగం తీస్తున్న కొడుకును చాలాసేపు చూసింది. తర్వాత ఆయన పక్కనే చతికిలబడి, "నేనే గిల్లి గిల్లి నేర్పినా" అంది. బావ ఆమె వైపు చూడకుండా, "చీర మీద కూచున్నావు, లెయ్" అన్నాడు. ఆమె లేచింది.

బంధువులు మాత్రం వదల్లేదు. పాపం ఆ పెద్దాయన్ని కిందికి దించేసినారు, తమ్ముడు గల్లా కోసం ఎంతకైనా తెగిస్తాడు అని ప్రొద్దుటూరు దాకా పాకింది. కళ్ళజోడు పిల్ల చివరిసారి వచ్చి కొలిచి వెళ్ళింది. జనంలో కలవడం లేదు, స్థానం పోయింది, నవ్వు లేదు. లెక్క ప్రకారం మా బావ సుఖం పాతాళానికి దిగిందని, దాన్ని అట్లాగే అచ్చు వేశారని ఆమె ఆ ఫోనులోనే సిగ్గుపడుతూ చెప్పింది. ఆ అచ్చు చదివిన పెద్ద పెద్ద వాళ్ళు మా బావ మీద జాలిపడే ఉంటారు. ఆయన మాత్రం బతికున్నన్నాళ్ళూ, రెండు తట్టల్లో ఉగ్గాని, బజ్జీలు తిని, వెనక సందులోంచి వచ్చి, ఊఁ ఊఁ అంటూ మడతలు పెట్టుకున్నాడు.

ఎవరైనా అంగడికొచ్చి మీ అన్న ఎట్లుండాడప్పా అని అడిగితే, మా ఆయన గల్లా దగ్గర నిటారుగా కూర్చుని, "మా అన్నా? నన్ను చూసి ఒక్క పొద్దు గూడా నవ్వడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. విన్నవాళ్ళు అన్నదమ్ములకు పడటం లేదనుకుని, మాట మార్చి, చీరలు చూపించమనేవాళ్ళు.